ఏడు దాటితే ముద్ద ముట్టను: రాత్రంతా తింటూ నిష్ఠ కాపాడుకునే చిట్కాలు

సాయంత్రం ఏడు దాటాక తినాలా, మానాలా? ఈ ప్రశ్న మీద ఇళ్ళలో, ఆఫీసుల్లో, పొద్దున్నే నడిచే పార్కుల్లో జరుగుతున్న వాదనంతా దండగ. మంతెన సత్యనారాయణరాజు గారు పెందలాడే తినేయమని ఏళ్ళ తరబడి చెబుతున్నారు. జైనుల్లో నిష్ఠగా ఉండేవాళ్ళు పొద్దుగూకాక ఏమీ ముట్టరు. బౌద్ధ భిక్షువులు మధ్యాహ్నం దాటితేనే మానేస్తారు. అటు స్పెయిన్‌లో రాత్రి తొమ్మిదైతే గానీ భోజనానికి కూర్చోరు. ఇందులో ఎవరి మాట వినాలా అని బుర్ర బద్దలు కొట్టుకోకండి. నియమం పెట్టుకోండి, తిండి ఆపకండి. నియమం వల్ల పేరొస్తుంది, తిండి వల్ల తృప్తి వస్తుంది. ఒకదాని కోసం ఇంకోటి వదులుకుని రాత్రంతా పక్క మీద దొర్లేవాళ్ళను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఈ చిట్కాలు వాళ్ళ కోసం. ఒక్కటీ వదలకుండా పాటించండి.

1. ముందు నలుగురికీ చెప్పండి

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. "ఇవాళ్టి నుంచి సాయంత్రం ఏడు దాటితే ముద్ద ముట్టను" అన్న ఒక్క వాక్యం చాలు. దండాలు, బొటనవేళ్ళు, పువ్వులు వచ్చి పడతాయి. పిన్ని "మంచి పని చేస్తున్నావు నాన్నా" అంటుంది. బాబాయి తన పొట్ట గురించి దిగులు పడతాడు. మర్నాడు ఆఫీసులో మధ్యాహ్నం క్యారేజీలు విప్పే చోట మళ్ళీ చెప్పండి. నియమం పాటించడం కష్టం, చెప్పుకోవడం తేలిక. తేలికైన సగాన్ని ఏ లోటూ రాకుండా చేయండి.

ఏడే ఎందుకంటారా? ఎనిమిది అన్నవాణ్ణి ఎవరూ లెక్కచేయరు, అది అందరూ తినే వేళే. ఆరు అన్నవాణ్ణి నమ్మరు, అసలు ఆఫీసు నుంచి ఇంటికి చేరేదెప్పుడని ఆరా తీస్తారు. ఏడు దగ్గర గౌరవమూ ఉంది, నమ్మకమూ ఉంది.

2. ఏడులోపు రెండు పూటల తిండీ లాగించండి

ఆరింటికి మిరపకాయ బజ్జీలతో మొదలుపెట్టండి. అది సాయంత్రం టిఫిను కిందికి వస్తుంది కాబట్టి భోజనం లెక్కలో చేరదు. ఆరున్నరకు కంచం ముందు కూర్చోండి. ముద్దపప్పు, ఆవకాయ, పేరిన నెయ్యి, చివర్లో గడ్డపెరుగు. రాత్రి ఆకలేస్తుందేమో అన్న అనుమానం వచ్చిన ప్రతిసారీ ఇంకో గరిటె వడ్డించుకోండి. ఆ అనుమానం చాలాసార్లు వస్తుంది, రానివ్వండి.

గబగబా తినండి, ఇది ముఖ్యం. కడుపు నిండిందన్న కబురు మెదడుకు అందడానికి ఇరవై నిమిషాలదాకా పడుతుందని డాక్టర్లు చెబుతారు. నెమ్మదిగా నమిలి తినేవాడు ఆ కబురు అందేసరికి ఇంకా సాంబారు దగ్గరే ఉంటాడు, చేయి ఆగిపోతుంది. మీరు పన్నెండు నిమిషాల్లో పెరుగన్నం దాకా వచ్చేస్తే కబురు వచ్చేసరికి కంచం ఖాళీగా ఉంటుంది. టీవీ పెట్టుకుంటే ఇంకా మంచిది, ఎన్ని ముద్దలు తిన్నారో మీకే గుర్తుండదు. గుర్తులేనిదాని గురించి బాధపడే పని లేదు.

3. ఎవరి ఏడో తేల్చుకోండి

గోడ గడియారంలో ఏడైతే ఏడైపోయినట్టు కాదు. మన దేశపు టైము ఎనభై రెండున్నర డిగ్రీల తూర్పు రేఖాంశం మీద కట్టింది. ఆ గీత మన కాకినాడ పక్కనుంచే పోతుంది. హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, సూర్యుడి లెక్కలో హైదరాబాద్‌లో ఏడు కావాలంటే గడియారం సుమారు 7.16 చూపించాలి. అంటే మీకు రోజూ పదహారు నిమిషాలు బాకీ ఉన్నాయి, వదులుకోకండి. రెండు చపాతీలు, ఓ గ్లాసు పాయసం ఆ వ్యవధిలో హాయిగా వెళ్తాయి. అనంతపురం వాళ్ళకు ఇరవై నిమిషాల దాకా వస్తాయి. శ్రీకాకుళం వాళ్ళకు ఈ లెక్క ఎదురు తిరిగి ఐదారు నిమిషాలు పోతాయి కాబట్టి వాళ్ళు ప్రభుత్వ గడియారాన్నే నమ్ముకోవాలి.

లండన్‌లో ఉన్న మనవాళ్ళు జూన్‌లో సూర్యాస్తమయం నియమం పెట్టుకోవాలి. అక్కడ అప్పుడు పొద్దు రాత్రి 9.20 దాకా గుంకదు. డిసెంబరులో నాలుగు కాకముందే గుంకేస్తుంది, అప్పుడు గడియారం నియమానికి మారిపోవాలి. న్యూజెర్సీలో అబ్బాయో అమ్మాయో ఉన్న తల్లిదండ్రులకు ఇంకో సౌకర్యం ఉంది. ఎండాకాలం మనకు సాయంత్రం ఏడైతే వాళ్ళకు పొద్దున తొమ్మిదిన్నర. పిల్లలు వీడియో కాల్‌లో టిఫిను తింటుంటే కన్నవాళ్ళు నోరు కట్టుకుని కూర్చోవడం బాగుండదు. వాళ్ళతోపాటు తినండి.

4. అన్నం ముట్టకండి, మిగతావన్నీ తినండి

శనివారం ఒంటిపూట ఉండేవాళ్ళను చూడండి. రాత్రి అన్నం మానేస్తారు, అంతవరకే. పెసరట్టు వేసుకుంటారు, లోపల ఉప్మా పెట్టుకుంటారు, పక్కన అల్లం పచ్చడి. ఎవరూ వాళ్ళను తప్పు పట్టరు, పైగా నిష్ఠాపరులంటారు. వారానికొక రోజు చెల్లేది ఏడు రోజులూ ఎందుకు చెల్లదు? ఏడు దాటాక ఇడ్లీ, దోసె, పూరీ, సేమ్యా ఏది తిన్నా "అన్నం తినలేదు" అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పొచ్చు.

తాగేవాటికి అసలు నియమమే లేదు. మజ్జిగ, రాగిజావ, బాదం పాలు, హార్లిక్స్ గ్లాసులో ఉన్నంతసేపూ పానీయాలే. ఫలూదాలో చెంచా వేస్తే వేశారు, పోసింది గ్లాసులో కదా. పాయసం కూడా పలచగా చేయించుకోండి.

ఇంకో మూడు దారులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. ప్రసాదాన్ని వేళ చూసి తీసుకోరు, కళ్ళకద్దుకుని తీసుకోవాలి. పులిహోర ప్రసాదమైతే దోసిలి పట్టండి. ఉప్పు సరిపోయిందో లేదో చూడటం వంటవాళ్ళకు సాయం చేయడం, దాన్ని ఎవరూ తినడం అనరు. ఆ చూడటం పొయ్యి మీదున్న ప్రతి గిన్నెలోనూ చేయండి. పిల్లలు వదిలేసిన కంచం ఖాళీ చేయడం అన్నపరబ్రహ్మను గౌరవించడం. అందుకే పిల్లలకు కాస్త ఎక్కువే వడ్డించండి.

5. సాకులు పంచాంగంలోంచి తీసుకోండి

సాకు సొంతంగా కల్పిస్తే దొరికిపోతారు. మన పంచాంగంలో కావలసినన్ని ఉన్నాయి. పెద్దలు ఏర్పాటు చేసినవి కాబట్టి ఎదురు మాట్లాడేవాళ్ళుండరు.

కార్తీకంతో మొదలుపెట్టండి. నక్తం ఉండేవాళ్ళు పగలంతా ఉపవాసం చేసి, నక్షత్రం కనబడ్డాక భోజనం చేస్తారు. ఇందులో మొదటి సగం ఆరోగ్యం బాగున్నవాళ్ళకు వదిలేయండి, రెండో సగం మీరు తీసుకోండి. మబ్బు పట్టి చుక్క కనబడకపోతే ఇంకో అరగంట ఆగి, రెట్టింపు ఆకలితో కూర్చోండి. మహాశివరాత్రికి జాగారం ఉంది. రాత్రంతా మేలుకుని ఉండటమంటే మాటలు కాదు, పళ్ళు, పాలు, సగ్గుబియ్యం ఉప్మా అడపాదడపా పడుతూ ఉండాలి.

మనకు కనబడే గ్రహణం ఎప్పుడో గానీ రాదు కాబట్టి తేదీ ముందే రాసిపెట్టుకోండి. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం 9.57కు పట్టి, 1.26కు విడిచింది. పట్టుకు ముందు తినేయాలని ఒకసారి, విడిచాక స్నానం చేసి వేడిగా వండుకుని ఇంకోసారి తినే అవకాశం ఒకే రాత్రిలో దొరికింది. అలాంటి రాత్రులు చేజార్చుకోకండి.

పెళ్ళిళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. మన ముహూర్తాలు రాత్రి పదకొండుకో తెల్లవారుజామున మూడుకో ఉంటాయి. భోజనం చేయకుండా వెళ్ళిపోతే పిలిచినవాళ్ళ మనసు నొచ్చుకుంటుంది. మనసు నొప్పించడం ఏ నియమంలోనూ లేదు. రిసెప్షన్‌లో కొత్త జంటకు అక్షింతలు వేసే వరుస పొడుగ్గా ఉంటుంది కాబట్టి ముందు భోజనాల వైపు నడవండి. వరుస తగ్గాక వేదికెక్కండి, దిగాక ఐస్‌క్రీమ్ దగ్గర తేలండి.

రంజాన్ నెలలో హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు ఏ సాకూ అక్కర్లేదు. హైదరాబాదీ హలీంకు 2010లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. బట్టీ మీద గంటల తరబడి గోధుమ, మాంసం కలిపి కర్రలతో మెదిపి చేస్తారు. అంతమంది అంత కష్టపడితే ఏడు దాటిందని మొహం తిప్పుకోవడం మర్యాద కాదు. మే నెలలో బంగినపల్లి మామిడికీ ఇదే మర్యాద చూపించండి. దానికి 2017లో గుర్తింపు వచ్చింది, పైగా పండిన కాయ తెల్లారేదాకా ఆగదు.

సంక్రాంతికి అత్తారింటికి వెళ్ళే అల్లుళ్ళు ఒక్క జాగ్రత్త పాటించాలి. గోదావరి జిల్లాల్లో అల్లుడి ముందు పరిచే వంటకాలు పేపర్లలో ఫొటోలుగా రావడం మీరు చూసే ఉంటారు. అక్కడికి వెళ్ళగానే ఏడు గంటల మాట ఎత్తకండి. మూడో వాయి బొబ్బట్లు పడ్డాక, "అత్తయ్యగారూ, అసలు నేను ఏడు దాటితే తినను, మీ కోసమే" అనండి. ఆ మాటకు నాలుగో వాయి వస్తుంది. ఇంకొన్ని సున్నుండలు ప్రయాణానికి కూడా కడతారు.

పండగలేవీ లేని మామూలు మంగళవారం ఏం చేయాలి? ఒంట్లో బాగోలేదని చెప్పండి. రాత్రి పస్తు పడుకుంటే పిచ్చుకంత మాంసం పోతుందని మామ్మలు అనేవారు, ఆ మాట ఎత్తండి. అదీ చాలకపోతే షుగరు ఎత్తండి. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, కొన్ని రకాల షుగరు మాత్రలు మింగేవాళ్ళు రాత్రి తిండి మానేస్తే చక్కెర పడిపోయి కళ్ళు తిరుగుతాయి, చెమటలు పడతాయి, ప్రమాదం కూడా. వాళ్ళు డాక్టర్నడగకుండా పూట మార్చకూడదు. ఇది పచ్చి నిజం. మీకు షుగరు లేకపోయినా సరే, ఈ నిజాన్ని బల్ల మీద పెట్టి కంచం ముందుకు జరుపుకోండి.

6. అర్ధరాత్రి వంటింటి పని పగలే మొదలుపెట్టండి

దొరికిపోయేవాళ్ళందరూ ఇక్కడే దొరికిపోతారు. కొంచెం వివరంగా చెబుతాను.

స్టీలు డబ్బా మూత గట్టిగా పట్టి ఉంటుంది. రాత్రి పన్నెండింటికి దాన్ని లాగితే టప్పుమని ఊడి, గట్టు మీద పడి, గిరగిరా తిరిగి, ఆగేలోపు పడకగదిలో లైటు వెలుగుతుంది. అందుకే సాయంత్రం నాలుగింటికే, వంటింట్లో సందడి ఉన్నప్పుడే మూత తీసి ఊరికే పైన ఆనించి పెట్టండి. రాత్రికి ఎడమ చెయ్యి మూత మీద అదిమి, కుడిచేత్తో పక్కకు జరపండి. పైకి ఎత్తకండి.

ఏం తినాలన్నది చప్పుడును బట్టి ఎంచుకోండి. జంతికలు, చేగోడీలు, మిక్చరు పనికిరావు, రెండు గదుల అవతలికి వినబడతాయి. మరీ మనసాగకపోతే జంతిక ముక్కను బుగ్గన పెట్టుకుని నానేదాకా ఓపిక పట్టండి. అరిసె మెత్తన, చప్పుడు చేయదు. సున్నుండ ఇంకా మంచిది. కాకపోతే నెయ్యి తక్కువైన సున్నుండ అంగిట్లో అతుక్కుని మాట పెగలనివ్వదు. ఆ సమయంలో ఎవరైనా పలకరిస్తే కష్టం. సున్నుండలు చుట్టే రోజున నెయ్యి ధారాళంగా పోయమని దగ్గరుండి చెప్పండి.

మైక్రోవేవ్ పెట్టారా, సున్నా దాకా పోనివ్వకండి. ఒక్క సెకను మిగిలి ఉండగా తలుపు తీయండి, కూత పెట్టదు. ఫ్రిజ్ తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచితే కొన్ని మోడళ్ళు అరుస్తాయి. ఏ గిన్నె ఎక్కడుందో సాయంత్రమే చూసి పెట్టుకోండి. గిన్నెలోంచి నేరుగా తినండి, కంచం వాడితే తెల్లారి సింకులో సాక్ష్యం ఉంటుంది. కూర మధ్యలోంచి తీయకండి, గుంట పడుతుంది. అంచు చుట్టూ సమానంగా తీసి, గరిటెతో పైన చదును చేయండి. కింద రాలినవి ఏరేయండి, లేదంటే తెల్లారేసరికి చీమలు బారుకట్టి డబ్బా దాకా దారి చూపిస్తాయి.

ఇన్ని చేసినా ఒక్కోసారి లైటు వెలుగుతుంది. అప్పుడు తడబడకూడదు.

"ఏవండీ, ఈ వేళప్పుడు ఏం చేస్తున్నారు?"

"నీళ్ళు తాగుతున్నాను."

"నీళ్ళకి ఆవకాయ జాడీ ఎందుకూ?"

"మూత సరిగ్గా లేదు. బూజు పడుతుందని పెడుతున్నా."

"మూతికి నూనె?"

ఇక్కడ జవాబు చెప్పకండి. "నువ్వు నిద్ర పాడుచేసుకోకు, పొద్దున్నే లేవాలి కదా" అని ప్రేమగా అనండి. లైటు మీరే ఆర్పండి. భార్య దొరికిపోయి భర్త అడిగినా ఇదే పద్ధతి. పట్టుబడ్డప్పుడు గొంతు పెంచినవాళ్ళు ఓడిపోతారు, అవతలివాళ్ళ ఆరోగ్యం గురించి అడిగినవాళ్ళు గెలుస్తారు.

7. బయటి నుంచి తెప్పించేటప్పుడు

ఆర్డర్‌లో "కాలింగ్ బెల్ కొట్టవద్దు, గేటు దగ్గర ఫోన్ చేయండి" అని రాయండి. ఫోన్ మోగకుండా పెట్టుకుని చేతిలోనే ఉంచుకోండి. నగదు ఇవ్వండి. ఫోన్‌లో కడితే నెలాఖరున పద్దు చూసినప్పుడు ఒకే హోటల్ పేరు వరసగా కనబడుతుంది. చెత్త పారేసే నెపంతో కిందికి దిగండి, వాచ్‌మన్‌తో మంచిగా ఉండండి. తినడం అయ్యాక పెట్టెను మడిచి కూరగాయల తొక్కల కింద దాచండి. బిర్యానీ వాసన తొందరగా పోదు. కిటికీ తీసి రెండు అగరొత్తులు వెలిగించండి. రాత్రి ఒంటిగంటకు ఎందుకు వెలిగించారని అడిగితే దోమలనండి.

8. పిల్లలు చూస్తే వాటా ఇవ్వండి

పిల్లలకు అబద్ధం చెప్పకండి, వాటా ఇవ్వండి. సగం బర్గరు తిన్నవాడు నోరు విప్పడు. వారం తిరిగేసరికి వాడే వచ్చి "నాన్నా, అమ్మ పడుకుంది" అంటాడు. పరీక్షల నెలల్లో ఈ స్నేహం బాగా అక్కరకొస్తుంది. పిల్లాడు చదువుకుంటున్నాడని తోడుగా కూర్చుంటారు, తోడుగా కూర్చున్నవాళ్ళు ఉత్త చేతులతో కూర్చోరు. పొద్దున్నే వాడు బడికి లేవలేకపోతే బడివాళ్ళు ఎక్కువ చదివిస్తున్నారని అందరికీ చెప్పండి.

9. పదహారు గంటల ఉపవాసం దానంతట అదే వస్తుంది

రాత్రి ఒకటిన్నర దాకా నోరు ఆడుతూ ఉంటే పొద్దున ఆకలేయదు. లేవగానే పుల్లటి తేన్పులు, నోట్లో చేదు. టిఫిను వద్దనిపిస్తుంది. దీన్ని వృథా పోనివ్వకండి. సాయంత్రం ఏడు నుంచి మర్నాడు పదకొండు దాకా లెక్కేస్తే సరిగ్గా పదహారు గంటలు. సినిమావాళ్ళ దగ్గర్నుంచి పక్కింటివాళ్ళ దాకా ఇప్పుడందరూ చెప్పుకుంటున్న పదహారు–ఎనిమిది పద్ధతి ఇదే. మధ్యలో తిన్నవి మీ డైరీలో లేవు కాబట్టి ఉపవాసం చెడలేదు. పదకొండుకు ఉపవాసం విరమించండి. పదహారు గంటలు పస్తున్న మనిషి ఎలా తింటాడో అలా తినండి.

10. సైన్సు నుంచి సగమే తీసుకోండి

వాదనలో నెగ్గాలంటే ఇది కావాలి. 2017లో వైద్యశాస్త్రానికి నోబెల్ బహుమతి జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు వచ్చింది. ఒంట్లో గడియారం ఎలా నడుస్తుందో ఈగల మీద పరిశోధించి తేల్చారు. ఈ మూడు పేర్లూ బట్టీ పట్టండి. ఆపైన చదవకండి. చదివితే, చీకటి పడ్డాక మెలటోనిన్ పెరుగుతుందనీ, అప్పుడు ఇన్సులిన్ మందగిస్తుందనీ, పొద్దున తిన్న ఇడ్లీ కన్నా రాత్రి తిన్న అదే ఇడ్లీ చక్కెరను ఎక్కువ లేపుతుందనీ వస్తుంది. అది మనకు అక్కర్లేదు.

చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది స్థూలకాయుల మీద ఏడాది పాటు చేసిన పరిశోధన 2022లో వచ్చింది. కొందరు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు లోపే తిన్నారు, మిగతావాళ్ళు వేళాపాళా పట్టించుకోలేదు. తగ్గిన బరువులో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఈ ముక్క పట్టుకోండి, ఎవరి దగ్గరైనా నెగ్గుతారు. రెండు జట్లూ రోజంతా తిండి బాగా తగ్గించుకున్నాయని, మగవాళ్ళకు 1500 నుంచి 1800 క్యాలరీలు, ఆడవాళ్ళకు 1200 నుంచి 1500 మించనివ్వలేదని ఎవరైనా గుర్తుచేస్తే, కాఫీ చల్లారుతోందని లేవండి. అదే ఏడాది బోస్టన్‌లో 16 మంది మీద చేసిన ఇంకో పరిశోధన ఉంది. భోజనాలు నాలుగు గంటలు ఆలస్యం చేస్తే ఆకలి పెరిగింది, ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తి తగ్గింది. ఆ కాగితం ఎదురుపడితే పేజీ తిప్పేయండి.

11. గుండెల్లో మంట మొదలైతే

కంగారుపడకండి, మొదలవుతుంది. నిండు కడుపుతో వెల్లకిలా పడుకుంటే కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నుతుంది. అందుకే తిన్నాక రెండు మూడు గంటలదాకా నడుం వాల్చవద్దని డాక్టర్లు అంటారు. ఆ లెక్కన మీరు తెల్లవారుజామున నాలుగింటికి పడుకోవాలి, అది కుదిరే పని కాదు. తలకింద ఇంకో దిండు వేయండి. మెడికల్ షాపులో గ్యాస్ మాత్రలు పూర్తి అట్ట కొని మంచం పక్కన పెట్టుకోండి. మంట గురించి ఇంట్లో అడిగితే కొవ్వు కరుగుతోందని చెప్పండి. అయితే మంట కాకుండా ఛాతీ పట్టేసినట్టు ఉండి, ఎడమ చేతికో దవడకో పాకి, చెమటలు పడితే ఈ కాగితం పక్కన పడేసి వెంటనే 108కి ఫోన్ చేయండి. బతికి ఉంటేనే రేపటి పెసరట్టు.

మంటతోపాటు నడుమూ పెరుగుతుంది కాబట్టి ప్యాంటు మానేసి లుంగీకి మారండి. లుంగీకి నడుం కొలత లేదు, ఎప్పుడూ సరిపోతుంది. ఆడవాళ్ళకు నైటీ అదే పని చేస్తుంది.

12. పరీక్షలకు వెళ్ళేటప్పుడు

బరువు చూసుకునే మిషన్‌ను మెత్తటి తివాచీ మీద పెట్టండి, అక్కడ అది సరిగ్గా చూపించదు. తక్కువ చూపించిన రోజున ఫొటో తీసి గ్రూపులో పెట్టండి, ఎక్కువ చూపించిన రోజున బ్యాటరీ అయిపోయిందనుకోండి.

రక్తపరీక్షకు వారం ముందే తయారవ్వండి. రెండు మూడు రోజులు నోరు కట్టుకుని పరగడుపున వెళ్తే ఆ పొద్దుటి చక్కెర మీ మాట వింటుంది. కానీ హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష ఒకటుంది. అది దగ్గర దగ్గర మూడు నెలల సగటు చిట్టా విప్పుతుంది. మీరు వారం రోజులు పడ్డ కష్టాన్ని అది లెక్కచేయదు. ల్యాబులో ఆ గడి మీద టిక్కు పెట్టించుకోకండి. డాక్టరు గారు రాసిచ్చినా వచ్చేసారి అనండి. రాత్రి ఎన్నింటికి తింటారని ఆయన అడిగితే "ఏడు దాటితే ముద్ద ముట్టనండీ" అని తడుముకోకుండా చెప్పండి. ఆయన నమ్మి, తిండి బాగానే ఉంది కాబట్టి మందు చాలడం లేదనుకుని మోతాదు పెంచుతారు. అట్టలో మాత్రలు పెరిగినంత మాత్రాన మీ నియమానికి మచ్చ రాదు.

ఆలస్యం చేయకండి. ఈ కాగితం చదవడం పూర్తయ్యేసరికి సాయంత్రం ఆరు కాకపోతే ఇవాళే మొదలుపెట్టండి. ముందు గ్రూపులో మెసేజీ పెట్టండి, తర్వాత డబ్బా మూత వదులు చేయండి, ఆపైన బజ్జీల పిండి కలపమని ఇంట్లో చెప్పండి. ఆరు దాటిపోయి ఉంటే మాత్రం ఇవాళ్టికి వదిలేసి, మామూలుగా తిని, రేపటి నుంచి నిష్ఠగా ఉండండి.